‘కసరకు’ అన్నాడా, ‘అణచకు’ అన్నాడా?

నాగావళి: నాలుగు రోజులుగా ఒక వాక్యం వదలడం లేదు. విజయనగరం స్టేషన్ బయట టీ బండి దగ్గర, ఖాళీ సీసాల గోనెసంచి భుజాన వేసుకున్న పిల్లవాడు చేయి చాపాడు. తొమ్మిదేళ్లుంటాయేమో. కుడికాలికి పెద్దవాళ్ల చెప్పు, ఎడమకాలికి ఏమీ లేదు. నేను విసుక్కునే లోపే బండి సాయిబుగారు గ్లాసు తొలుస్తూ, “యతీమును కసరకండమ్మా, సూరాలోనే ఉంది” అన్నారు. యతీమంటే తండ్రి లేని బిడ్డ, సూరా అంటే ఖురాన్ అధ్యాయం. చిన్నప్పుడు చదివిన ఖురాన్ అనువాదంలో ‘కసరకు’ అని లేదు. అణచకు? అదలించకు? ఎవరికైనా గుర్తుందా?

బొబ్బిలి వీణ: అది తరవాత. ముందు ‘కసరు’ ఏమిటి? మా ఇంట్లో మూడు తరాలుగా కసురుతున్నారే తప్ప కసరడం లేదు. కసురుకూ కసుగాయకూ వేరు ఒకటేనని నా నమ్మకం. రెండింటిలోనూ వగరే.

పలాస జీడిపిక్క: మాస్టారి చెట్టుకు అన్నీ కసుగాయలే. పోయిన నెల ‘కసి’ కూడా అక్కడే కాసింది.

బాబామెట్ట: నాగావళి గారూ, మీరు రెండు ఆయతులు, అంటే వాక్యాలు, కలిపేశారు. 93వ సూరా, అద్దుహా. తొమ్మిదో ఆయతులో యతీమును ‘ఫలా తఖ్‌హర్’, పదోదానిలో అడిగేవాణ్ణి ‘ఫలా తన్‌హర్’. కసరవద్దన్నది రెండోది. మొదటిది బలం చూపి అణచవద్దని, వాడి హక్కు కాజేయవద్దని. తేడా ఒక్క హల్లే.

బొబ్బిలి వీణ: ‘తఖ్‌హర్’లోని ఆ హల్లు మన ‘ఖ’ కాదు, అరబీ అక్షరం ఖాఫ్. మన లిపిలో దానికి అక్షరమే లేదు. ప్రవక్త సహచరుడు ఇబ్నె మస్‌ఊద్ పఠనంలో అది కాఫ్‌తో, అంటే మన ‘క’తో, ‘తక్‌హర్’ అని తఫ్సీరుల్లో (ఖురాన్ వ్యాఖ్యానాల్లో) కనిపిస్తుంది. అప్పుడు మొహం చిట్లించవద్దని అర్థం. అంటే కసరడమే! నా కసురు నిలిచింది.

బాబామెట్ట: నిలిచింది మాస్టారూ, ఒంటికాలి మీద. అందరూ చదివేది ఖాఫ్‌తోనే. అసలు చిక్కు క్రియతో కాదు, కర్మతో. యుక్తవయసు రాకముందే తండ్రి పోతేనే యతీము. ఆ పిల్లవాడి తండ్రి ఏ ఊళ్లోనో తాగి పడి ఉన్నా, ఫిఖ్‌హ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) లెక్కలో వాడు యతీము కాడు.

పలాస జీడిపిక్క: అయితే ‘ఇబ్నుస్సబీల్’. అక్షరాలా ‘దారి కొడుకు’. ‘వీధి బాలుడు’ అనే ప్రభుత్వపు మాట కంటే ఎంత బాగుంది!

బాబామెట్ట: బాగుంటే చాలదండీ. అది దారిలో చిక్కుబడిన బాటసారి, జకాత్ (విధి దానం) అందుకునే ఎనిమిది వర్గాల్లో ఒకటి. ఎవరో వదిలేసిన పసిబిడ్డ అయితే ‘లఖీత్’. దొరికిన వస్తువు లుఖతా, దొరికిన బిడ్డ లఖీత్, ధాతువు ఒకటే. కానీ వస్తువు దొరికితే యజమాని కోసం చాటింపు వేయాలి, బిడ్డకు యజమాని ఉండడు. వాడు స్వతంత్రుడే. వాడి బట్టల్లో దొరికిన డబ్బు వాడిదే, అదీ లేకపోతే పోషణ బైతుల్‌మాల్ (ప్రజా ఖజానా) మీద పడుతుంది. ఎత్తుకోవడం ఊరందరి బాధ్యత: ఒకరు ఎత్తుకుంటే అందరికీ తీరుతుంది, ఎవరూ ఎత్తుకోకపోతే పాపం అందరిదీ.

నాగావళి: తొమ్మిదేళ్లవాడు ఎవరు మరి?

పలాస జీడిపిక్క: పిల్లల హక్కులంటే మన గురజాడను తలవకుండా ఎలా? ‘కన్యాశుల్కం’ ముందుమాట తీయండి. విజయనగరం మహారాజా మూడేళ్లకు వేయించిన లెక్కలో 1034 శుల్క వివాహాలు, వాటిలో ముగ్గురు వధువుల వయసు ఒక ఏడాది! శుల్కం తండ్రి జేబుకు, ముస్లిం పెళ్లిలో వరుడిచ్చే మహర్ అయితే పిల్లకు. మహర్, తఖ్‌హర్: ప్రాస కూడా కుదిరింది.

బొబ్బిలి వీణ: ప్రాస రెండో అక్షరానికి. మీది అంత్యప్రాస. అయినా ప్రాస కట్టుబాటు వదిలించుకున్న కవి పేరు చెప్పి ప్రాస తెస్తారా?

నాగావళి: ఈ రోజు మళ్లీ వెళ్లాను. పిల్లవాడు కనిపించలేదు. సాయిబుగారు వాడి కోసం అటూ ఇటూ చూస్తూనే పాలు పొంగించుకున్నారు. ఆ రోజు ఏ మాట అన్నారని అడిగితే, “కసరకండి అన్నానో, గదమాయించకండి అన్నానో! వాడు ఎటు పోయాడో మీకేమైనా తెలుసా?” అన్నారు.

బొబ్బిలి వీణ: గదమాయించు! ఇది ఇంకా బాగుంది. దీనికి మూలం ‘గదుము’ అంటారా?