మింగలేని పేషెంటుకి బోండం నీళ్లు పట్టొద్దని ఇంటివాళ్లకి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. కోనసీమలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను, ఇప్పుడు మెడికల్ వార్డులో పోస్టింగ్. పక్షవాతంతో వచ్చిన ఒక గోదావరి లంక రైతుకి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట లేదు. మింగలేకపోతున్నారని ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ (కడుపులోకి ఆహారం పంపే గొట్టం) వేశారు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది కాబట్టి నోటితో ఏమీ ఇవ్వొద్దన్నారు.

ఆయన భార్య మాత్రం ఎవరూ చూడనప్పుడు కొబ్బరి బోండం నీళ్లు చెంచాతో పడుతున్నారు. "గొంతు తడవకపోతే ఎలాగమ్మా, పెదాలు చూడు ఎలా ఎండిపోయాయో" అంటారు. నిజమే, పెదాలు పగిలి పొక్కులు లేచాయి. స్టాఫ్ నర్సుకి చెప్పాను, ఆవిడా నచ్చజెప్పారు. కసురుకుంటే ఇంకా చాటుగా పడతారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పేటప్పుడు ఈవిడే ముందుకొస్తారు, నాకంటే మెల్లగా తిప్పుతారు.

తడి గాజుగుడ్డతో నోరు తుడిచే పని ఆవిడకే అప్పగిస్తే ఆ ఆరాటం కొంచెం తీరుతుందా? గుడ్డ ఎంత గట్టిగా పిండాలి, తల ఎంత ఎత్తులో ఉంచాలి? ఇలాంటి ఇంటివాళ్లని మీరు ఏ మాటలతో ఒప్పించారో సీనియర్లు దయచేసి చెప్పండి. రేపు మళ్లీ మార్నింగ్ డ్యూటీ ఉంది.