నకిలీ గుర్తింపు పత్రాలను దేనితో పోల్చి చూడాలి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో బావగారితో కలిసి పీజీ వసతిగృహం నడుపుతున్నాను. గత నెలలో ఒక యువకుడు ఇచ్చిన ఆధార్ నకిలీదని ఆలస్యంగా తెలిసింది. పోల్చుకోవడానికి నమ్మదగిన ఆధారాలు ఏమున్నాయి?

జవాబు 1: ముద్రణను చూసి తేల్చకండి. ఆధార్ క్యూఆర్ కోడ్‌లోని వివరాలపై ఆధార్ జారీచేసే ప్రాధికార సంస్థ (యూఐడీఏఐ) డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి, ఆ సంస్థ యాప్‌తోనే స్కాన్ చేసి, తెరపై కనిపించే పేరును, ఫొటోను కార్డుతోనూ, ఎదురుగా ఉన్న మనిషితోనూ పోల్చండి.

జవాబు 2: విదేశీయుల పత్రాలకు ఐరోపా సమాఖ్య మండలి నిర్వహించే ‘ప్రాడో’ అనే వెబ్‌సైటును ఉచితంగా చూడవచ్చు, అసలు పత్రాల నీటిగుర్తులు, అతినీలలోహిత కాంతిలో కనిపించే రూపాలు అందులో ఉంటాయి. పాస్‌పోర్టు అడుగున ఉండే రెండు వరుసల్లో రెండోదానిలోని తనిఖీ అంకెలను (పక్కనున్న సంఖ్య, తేదీల నుంచి లెక్కగట్టి చేర్చేవి) 7, 3, 1 గుణకాలతో మీరే లెక్కించుకోవచ్చు. అయితే తెలివైన మోసగాడు కూడా ఆ లెక్క వేయగలడు.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. బావగారు ఇంతకాలం లామినేషన్ నునుపును చూసి నమ్మేవారు.

జవాబు 1: పాన్ కార్డు ఇస్తే నాలుగో అక్షరం చూడండి, వ్యక్తులకైతే అది ‘పి’ అయి ఉండాలి.