చెరిపేయబోయి ఉంచుకున్న ఫోటోలు: మీ అనుభవాలు చెప్పండి

పెన్నాగట్టు (నెల్లూరు):
నమస్కారం. ఫోటోలు తీసే ప్రతివారి దగ్గరా, తీయాలనుకున్నది ఒకటై వచ్చింది మరొకటైన ఫోటో ఒక్కటైనా ఉంటుందని నా నమ్మకం. అటువంటివి పంచుకోవడానికి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఒక్క మనవి ఉంది. "ఏదో అదృష్టం కొద్దీ కుదిరింది" అని వదిలేయకుండా, అది అలా ఎందుకు వచ్చిందో మీకు తెలిసినంతవరకు కారణం కూడా రాయండి. కారణం తెలిస్తేనే పక్కవారికి పనికివస్తుంది.

ముందుగా నాది చెబుతాను. క్రిందటి వేసవిలో ఒకనాటి తెల్లవారుజామున మైపాడు వెళ్లాను. దారి పొడవునా కారులో ఏసీ వేసుకుని, కెమెరాను పక్క సీటులోనే పెట్టుకున్నాను. అక్కడికి చేరి తలుపు తీయగానే, ఐసునీళ్లు పోసిన గ్లాసుకు చెమట పట్టినట్టు లెన్సు నిండా ఆవిరి పట్టేసింది. అప్పటికే సూర్యుడు నీటి మీదికి వచ్చేశాడు. చొక్కా అంచుతో తుడిస్తే మళ్లీ పట్టింది. విసుగుతో, పోతే పోయిందనుకుని, వలలు మోసుకుంటూ పడవల వైపు నడుస్తున్న వారిని వరుసగా పద్నాలుగు ఫోటోలు తీశాను.

మొదటి మూడూ ఉత్త తెలుపే. అయిదవది, ఆరవది వచ్చేసరికి ఆవిరి కొంచెం పలుచబడింది. ఒక్కొక్క మనిషి చుట్టూ వెలుగు దూది పింజలా విచ్చుకుని, ముఖాలు తెలియకపోయినా నడకలోని బరువు మాత్రం చక్కగా తెలుస్తోంది. పన్నెండవ ఫోటోకు లెన్సు పూర్తిగా తేటపడింది. ఆ చివరి మూడు ఫోటోలూ అందరూ తీసే మైపాడు సూర్యోదయంలాగే ఉన్నాయి. ఆరవదాన్ని ప్రింటు వేయించి గోడకు తగిలించుకున్నాను.

ఈ ఆవిరి వద్దనుకునేవారు ఏసీలో ఉండగానే కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బయటకు వచ్చాక కెమెరా వెచ్చబడే దాకా ఆగి తీస్తే సరిపోతుంది. తేమ కవరు మీద పడుతుంది గానీ లెన్సు మీద పడదు. కావాలనుకునేవారికి దొరికేది రెండు మూడు నిమిషాల వ్యవధి మాత్రమే. చొక్కాతో తుడవడం మాత్రం నా తప్పే, దానికి ఇసుక అంటుకుని ఉంటే గాజు మీద గీతలు పడతాయి.

పాతరీలు (ఒంగోలు):
మంచి చర్చ. నేను ముప్పై ఏళ్లకు పైగా స్టూడియో నడిపినవాణ్ణి కనుక కొంచెం చేదుగా మాట్లాడితే మన్నించండి. ఈ రోజుల్లో ఒక్క ఉదయం వెయ్యి ఫోటోలు తీసి, అందులో బాగున్న ఒకదాన్ని ఏరుకుని "అనుకోకుండా కుదిరింది" అనడం నాకు సబబుగా తోచదు. మా రోజుల్లో పెట్టె కెమెరాలో 120 రీలు వేస్తే వచ్చేవి పన్నెండే. వాటిలో ఒకటి పాడైతే మాకు డబ్బు నష్టం, పెళ్లివారితో మాట పడటం అదనం.

అయినా నా దగ్గరా ఒకటి ఉంది. అగ్ఫా క్లిక్ త్రీ అనే పాత రీలు కెమెరాలో ఒక ఫోటో తీశాక రీలు తిప్పకపోయినా షట్టర్ మళ్లీ పడుతుంది, ఆపేవారెవరూ ఉండరు. కొత్తపట్నం తీరంలో అలివి వల లాగుతున్న వారిని సూర్యుడికి ఎదురుగా నిలబడి తీశాను. తరువాత ఎవరో పలకరిస్తే మాటల్లో పడి, రీలు తిప్పకుండానే ఇసుక మీద ఎండబెట్టిన చేపలను తీశాను. కడిగి చూస్తే, తాడు లాగుతున్న మనుషుల నల్లని ఆకారాల లోపల మాత్రమే చేపలు బారులు తీరి కనిపించాయి, ఆకాశంలో ఒక్కటీ లేదు. ఫిల్ము మీద వెలుగు పడిన చోట ఇంకా వెలుగు పడితే ప్రింటులో ఆ చోటు తెల్లబారిపోతుంది. వెలుగు పడని చోటే రెండవ బొమ్మకు స్థలం దొరుకుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివి కాదు, ఆ నెగెటివును దీపానికి ఎదురుగా పట్టుకుని చూసినప్పుడే నాకు అర్థమైంది. ఆ తరువాత కావాలని తీద్దామని అదే కెమెరాలో మూడు రీళ్లు తగలేశాను, ఒక్కటి కాస్త దగ్గరగా వచ్చింది.

శ్లాబుపని (చీమకుర్తి):
పాతరీలు గారూ, మీ నల్లని ఆకారాల మాట చదివాక నా అనుభవం రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. కొనేవారికి పంపడానికి పాలిష్ అయిన శ్లాబుల ఫోటోలు తీయడం కూడా నా పనే. మా దగ్గరి గెలాక్సీ రాయి నల్లని అద్దం వంటిది. లోపల బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు బంగారు చుక్కల్లా మెరుస్తాయి. దాన్ని ఫోటో తీయడమంటే నరకం, ఎందుకంటే పైన రేకులు, ట్యూబులైట్లు, క్రేను, తీసేవాడి పొట్ట, అన్నీ అందులోనే కనిపిస్తాయి. లెన్సుకు పోలరైజర్ తగిలించి, పక్కవాటుగా నిలబడి, ఆ ప్రతిబింబాన్ని చంపడానికే నా సగం రోజు గడిచిపోతుంది.

ఒకరోజు పోలరైజర్ ఇంట్లో మరిచిపోయాను. నిలబెట్టిన శ్లాబుకు ఎదురుగా కెమెరా పెట్టి ఫోకస్ చేస్తుంటే, నా వెనుక పాలిష్ మిషను దగ్గర పనిచేసే ఆయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటున్నాడు. కెమెరా రాయిని వదిలేసి రాతిలోని ఆయన ముఖాన్ని పట్టుకుంది. ఫోటోలో రాయి అనేదే లేదు. చీకటిలో నుంచి ఒక మనిషి, కనురెప్పల మీద తెల్లని రాతిపొడి, ఆయన చుట్టూ, ఆయన మీద కూడా, కాసులంత బంగారు వలయాలు. రేణువులు ఫోకసులో లేకపోవడం వల్ల చుక్కలు వలయాలయ్యాయి.

ఇది ఎలా జరిగిందో తెలియడానికి నాకు వారం పట్టింది. అద్దంలోని మనిషి అద్దం మీద ఉండడు. అద్దానికి ఇటు ఎంత దూరంలో నిలబడ్డాడో అద్దం వెనుక అంత దూరంలో ఉన్నట్టు లెన్సుకు లెక్క. నేను శ్లాబుకు ఒకటిన్నర మీటరు దూరంలో ఉన్నాను, ఆయన నాలుగు మీటర్ల దూరంలో ఉన్నాడు. కనుక లెన్సు అయిదున్నర మీటర్లకు ఫోకస్ అయింది, ఒకటిన్నర మీటరు దగ్గరున్న రాయి పూర్తిగా చెదిరింది. వలయాలు పెద్దవిగా కావాలంటే అపెర్చర్, అంటే లెన్సులో వెలుగు దూరే రంధ్రం, బాగా తెరిచి ఉంచాలి. మూసేకొద్దీ వలయాలు చిన్నవై మళ్లీ చుక్కలవుతాయి, ముఖం మీద మచ్చల్లా కనిపిస్తాయి.

ఆ ఫోటో శ్లాబు అమ్మకానికి పనికిరాదని మేనేజరు గారు వెంటనే చెరిపేయమన్నారు. "చెరిపేశానండీ" అన్నాను.

పెన్నాగట్టు (నెల్లూరు):
మళ్లీ తీయగలిగారా?

శ్లాబుపని (చీమకుర్తి):
తీశానండి, మధ్యాహ్నం భోజనాల వేళ ఆరుగురిని. కారణం తెలుసు కనుక వలయాలు వచ్చాయి. అయితే ఫోటో తీస్తున్నానని తెలిసేసరికి అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ముఖం తుడుచుకునే ఆ క్షణం మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.

కిటికీసీటు (సింగరాయకొండ):
నేను ఫోనుతో మాత్రమే తీస్తాను. రైలులో నెల్లూరు నుంచి ఒంగోలు వైపు వస్తూ పెన్నా వంతెన మీద కిటికీలో నుంచి ఒక ఫోటో తీస్తే, వంతెన ఇనుప స్తంభాలు గాలివానకు ఒరిగిన తాటిచెట్లలా పక్కకు వాలిపోయి, దూరంగా ఉన్న గోపురం మాత్రం నిటారుగా నిలబడి ఉంది. ఫోను పాడైందనుకున్నాను. తరువాత చదివితే తెలిసింది, ఫోను సెన్సారు బొమ్మ మొత్తాన్ని ఒకేసారి నమోదు చేయదట, పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుకుంటూ వస్తుందట. పైభాగం చదివి కిందికి వచ్చేలోపు దగ్గరి స్తంభం వెనక్కి జరిగిపోతుంది కనుక వాలినట్టు పడుతుంది. దూరపు గోపురం ఆ కాస్త సమయంలో అంతగా జరగదు. ఫోను అడ్డంగా పట్టుకుంటేనే ఇలా వాలుతాయి. నిలువుగా పట్టుకుంటే స్తంభాలు లావుగానో సన్నగానో అవుతాయి తప్ప వాలవు. ఇప్పుడు ప్రతి ప్రయాణంలోనూ ఇదే నా ఆట.

పాతరీలు (ఒంగోలు):
మీ ఆట పాతదే బాబూ. ఫ్రాన్సులో జాక్ ఆన్రీ లార్టీగ్ అనే కుర్రవాడు, 1910ల తొలినాళ్లలో, పందెం కారు వెంట కెమెరా తిప్పుతూ ఒక ఫోటో తీశాడు. ఆ కెమెరాలోని షట్టర్ ఒక సన్నని చీలికలా జారుతూ పోయేది. కారు చక్రం కోడిగుడ్డు ఆకారంలో ముందుకు వాలింది, పక్కన నిలబడ్డ జనం, స్తంభాలు వెనక్కి వాలాయి. వేగం అంటే అలా ఉంటుందని చూసినవారికి అనిపిస్తుంది. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో 1963లో ఆయన ఫోటోల ప్రదర్శన జరిగాకనే ఆయన పేరు లోకానికి తెలిసింది.

పెళ్లిసందడి (కావలి):
నాది చిన్నది. రాత్రంతా ఒక పెళ్లిలో పసుపు రంగు బల్బుల కింద పనిచేసి, వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును బట్టి కెమెరాలో పెట్టే అమరిక) ఆ బల్బులకు తగ్గట్టే ఉంచేసి, నిద్రమత్తులో ఉదయం ఇసకపల్లి ఉప్పుమడుల మీదుగా వెళుతూ ఆగాను. తీసినవన్నీ నీలంగా, వెలుగు కూడా తక్కువగా వచ్చాయి. ఉప్పు కుప్పలు పున్నమి వెన్నెలలో ఉన్నట్టు, పార పట్టుకున్న ఆవిడ అర్ధరాత్రి పనిచేస్తున్నట్టు ఉన్నాయి. సినిమావారు పగలు తీసి రాత్రిగా చూపించడానికి ఇదే పని కావాలని చేస్తారని తరువాత తెలిసింది. ఒక పోటీకి పంపితే బహుమతి వచ్చింది గానీ, కింద "వెన్నెలలో ఉప్పుమడి" అని రాశాను. అది తప్పా అని అప్పటినుంచి నలుగుతూనే ఉంది.

పాతరీలు (ఒంగోలు):
తప్పే. ఫోటోలో అబద్ధం లేదు, మీరు కింద రాసినదే అబద్ధం. "ఉప్పుమడి, ఉదయం" అని రాసినా ఆ ఫోటోకు వచ్చే లోటేమీ ఉండేది కాదు.

పెన్నాగట్టు (నెల్లూరు):
నాకూ అలాగే అనిపిస్తోంది. మైపాడులోనే నా మిత్రుడికి జరిగినది ఒకటి రాస్తాను. 2022 ఫిబ్రవరి 14న, ఇంకా చీకటి విడవకముందే, దక్షిణం వైపు తీరం వెంట కెమెరా పెట్టి అలల మీద ముప్పై సెకండ్ల పాటు షట్టర్ తెరిచాడు. ఆ ఉదయం 5 గంటల 59 నిమిషాలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ52 ప్రయోగం ఉందన్న సంగతే అతనికి గుర్తు లేదు. ఫోటోలో అల వెనక్కి పోయిన తడి ఇసుక మీద నారింజ రంగు గీత ఒకటి ఉంటే, లెన్సు మీద వెంట్రుక పడిందనుకుని తుడిచాడట, తలెత్తి చూడకుండా! "రాకెట్టు కోసం కాచుకుని తీశాను" అని ఏనాడూ చెప్పుకోలేదు, ఆ తుడిచిన సంగతే చెప్పి నవ్విస్తాడు.

మామిడితోట (కందుకూరు):
ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, ఈరోజు రాస్తున్నాను. (జిల్లాలు మారినప్పటి నుంచి మేము నెల్లూరువారమో ప్రకాశంవారమో మాకే తికమకగా ఉంటుంది, కనుక ఊరి పేరు చాలు.) నాది కెమెరా పొరపాటు కాదు, చూపు పొరపాటు. మా నాన్నగారు 1983లో అరువు తెచ్చిన కెమెరాతో ఇంటి ముందు కట్టేసిన ఒంగోలు గిత్తను ఒకే ఒక ఫోటో తీశారు. ఆ గిత్త మూపురం గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చిన్న ప్రింటు నలభై ఏళ్లుగా గోడ మీద ఉంది. మొన్న పెట్టె సర్దుతుంటే దాని నెగెటివు దొరికింది. స్కాన్ చేసి, కొమ్ముల మొన బాగా వచ్చిందా అని పెద్దది చేసి చూస్తున్నాను. గిత్త వీపుకు పైన, దడి అవతల, బావి గట్టున, చేద తాడు పట్టుకుని మా అవ్వ ఉంది. ప్రింటులో అదంతా ఒక బూడిదరంగు మరకగానే ఉండేది. మా అవ్వ ఫోటో ఒక్కటీ లేదని నాన్నగారు జీవితమంతా బాధపడుతూనే ఉన్నారు.

ఫోటోగ్రఫీ పుట్టినప్పటి నుంచీ ఇది ఉన్నదేనట. దాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన టాల్బట్, 1845లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక భవనం ఫోటో గురించి రాస్తూ, తీసినవాడికే తాను ఏమేం తీశాడో చాలాకాలం తరువాత చూసుకుంటే గానీ తెలియదని, గోడల మీది రాతలు, తేదీలు, దూరపు గడియారంలో అప్పటి సమయం కూడా బయటపడతాయని చెప్పారు.

పాతరీలు (ఒంగోలు):
అమ్మా, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ నెగెటివు ఆరు సెంటీమీటర్ల చదరానిదేనా? ఎలా స్కాన్ చేశారో కాస్త వివరంగా చెప్పండి. నా దగ్గర సంచుల కొద్దీ ఉన్నాయి.

మామిడితోట (కందుకూరు):
అవునండి, 120 రీలుదే. స్కానరులో 2400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) పెడితే ఒక్కొక్క వైపు 5,000కు పైగా పిక్సెళ్లు వచ్చాయి. స్కానరు లేనివారు ట్యాబు తెర మీద తెల్లని పేజీ తెరిచి, నెగెటివును తెరకు ఆనించకుండా రెండంగుళాలు పైకి పట్టి ఉంచి, ఫోనుతో తీసి రంగులు తిరగవేసుకోవచ్చు. ఆనిస్తే తెర చుక్కలు కూడా పడతాయి. చేతులకు నూనె లేకుండా చూసుకుని, అంచులే పట్టుకోండి.

పెన్నాగట్టు (నెల్లూరు):
నాన్నగారికి చూపించారా?

మామిడితోట (కందుకూరు):
నిన్న ప్రింటు వేయించి ఇచ్చాను. అవ్వ నోరు కాస్త తెరిచి, సూటిగా కెమెరా వైపే చూస్తోంది; నవ్వుతోందని నేను మురిసిపోయాను. నాన్నగారు అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "నవ్వు కాదే, ఆ గిత్త పొడుస్తుంది, పక్కకు తప్పుకోరా అని నన్ను తిడుతోంది" అన్నారు.