విశాఖ షెల్ఫ్ మీద అంతర్గత తరంగాలు: పై 20 మీటర్లకు థర్మిస్టర్ చైన్ కొనాలా, ఏడీసీపీ కొనాలా?

లంగరు: లోతు 100 మీటర్లు. విశాఖ షెల్ఫ్ (తీరం దగ్గరి లోతు తక్కువ సముద్రం) మీద పై 20 మీటర్లలో అంతర్గత తరంగాలు (వేర్వేరు సాంద్రతల నీటి పొరల మధ్య సాగే తరంగాలు) కొలవాలి. థర్మిస్టర్ చైన్ (తాడుకు వరుసగా కట్టిన ఉష్ణోగ్రత సెన్సార్లు), లేదా ఏడీసీపీ (ధ్వని బీమ్‌లతో వేర్వేరు లోతుల్లో ప్రవాహాన్ని కొలిచే పరికరం). డబ్బు ఒకదానికే ఉంది. ఏది కొనాలి?

ఉష్ణధార: చైన్. 2 మీటర్లకొక సెన్సార్, నిమిషానికొక రీడింగ్. థర్మోక్లైన్‌లో (లోతుతో ఉష్ణోగ్రత త్వరగా మారే పొరలో) మీటరుకు 0.2 డిగ్రీ తేడా ఉందనుకోండి, 1 డిగ్రీ ఊగిందంటే నీరు 5 మీటర్లు కదిలినట్టే.

చేపకన్ను: అడిగింది థర్మోక్లైన్ గురించి కాదు. మిక్స్‌డ్ లేయర్‌లో (బాగా కలిసిపోయిన పై పొరలో) తేడా మీటరుకు 0.01 డిగ్రీ అనుకోండి. ఎండకు 0.3 డిగ్రీ వేడెక్కితే మీ లెక్కలో 30 మీటర్ల తరంగం! ఉన్నదే 20 మీటర్లు. పైగా బంగాళాఖాతంలో పైన నదుల మంచినీరు. సాంద్రత ఉప్పు చేతిలో ఉంటుంది. చలికాలంలో కింది నీరే వెచ్చన. వేసవి గ్రేడియంట్‌నే (మీటరుకు ఇన్ని డిగ్రీల తేడా అన్న లెక్కనే) వాడితే ప్లస్, మైనస్ గుర్తు తిరగబడుతుంది.

ఉష్ణధార: నాలుగు కండక్టివిటీ సెల్స్ (ఉప్పు శాతం కొలిచేవి) తగిలిస్తే తీరుతుంది. ప్రతి చర్చలోనూ మీకు చైన్ మీదే కోపం. అడుగున పెట్టిన మీ ఏడీసీపీకి (నిలువు నుంచి 20 డిగ్రీలు వాలిన బీమ్‌లు) సైడ్‌లోబ్ వల్ల, అంటే బీమ్ పక్కలకు పోయి ఉపరితలం నుంచి తిరిగొచ్చే ధ్వని వల్ల, పై 6 మీటర్లు చెత్త. ఉపరితలం దగ్గర ఎదురెదురు బీమ్‌ల మధ్య 73 మీటర్ల దూరం. పొట్టి తరంగాలు దొరకవు.

నాచు: సెల్‌కు బార్నకిల్స్ (అంటుకుని పెరిగే గుల్ల జీవులు) పడితే లవణీయత తక్కువ చూపిస్తుంది. అంతే.

చేపకన్ను: అడుగున ఎవరు పెట్టమన్నారు? 30 మీటర్ల దగ్గర ఫ్లోట్ మీద పెడితే పోయేది 2 మీటర్లు, బీమ్‌ల దూరం 22.

ఉష్ణధార: అప్పుడు కింది 70 మీటర్ల ప్రవాహం మీ దగ్గర లేదు. పూర్తి లోతు సగటు లేకుండా మామూలు పోటును (లోతంతా ఒకేలా సాగే ప్రవాహాన్ని) దేన్నుంచి తీసేస్తారు? మిగిలినదంతా అంతర్గతమేనా?

గొలుసు: చైన్‌కు ప్రెషర్ సెన్సార్లు తప్పనిసరి. ప్రవాహం ఎటు పోయినా గొలుసు కిందికే వంగుతుంది కనుక, 12.42 గంటల పోటులో రెండుసార్లు వంగి 6.21 గంటల దొంగ తరంగాన్ని పుట్టిస్తుంది.

చేపకన్ను: అసలు ఉష్ణధార గారూ, మొదటి మోడ్‌లో (అంతర్గత తరంగపు అతి సరళమైన రూపంలో) ఉపరితలం దగ్గర నిలువు కదలిక దాదాపు సున్నా. అడ్డ ప్రవాహం అక్కడే ఎక్కువ. లేనిదాన్ని కొలవడానికి చైన్ ఎందుకు?!

ఉష్ణధార: సోనార్ వాళ్లకు కావాల్సింది ధ్వని వేగం. అది ఉష్ణోగ్రతతో మారుతుంది, మీ ప్రవాహంతో కాదు.

చేపకన్ను: అదీ సంగతి. మీరు సోనార్ గురించి మాట్లాడుతున్నారు, నేను శక్తి గురించి. లంగరు గారూ, ఎందుకు కొలుస్తున్నారు?

లంగరు: ధ్వని వేగం కోసమే.

చేపకన్ను: ముందే చెప్పుంటే! అయితే చైనే కొనండి. పైన, మధ్యన, కింద ఒక్కో ప్రెషర్ సెన్సార్. కానీ రిపోర్ట్‌లో ‘ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులు’ అని రాయండి, ‘తరంగాలు’ అనకండి.

ఉష్ణధార: తరంగాలే అంటారు.