గురుత్వాకర్షణలో ‘ఆకర్షణ’ ఎందుకు?

విశ్వం విస్తరణ వేగాన్ని పెంచుతోందంటున్న, ఏమిటో ఇంకా తెలియని డార్క్ ఎనర్జీని తెలుగులో ఏమనాలి అని నిన్న ఇక్కడ ఒక అక్క అడిగితే చాలామంది ‘కృష్ణశక్తి’ అన్నారు. నాకది నచ్చలేదు. కృష్ణబిలంలోంచి వెలుగు బయటికి రాదు, అక్కడ నలుపు సరే. దీంట్లో నలుపెక్కడుంది? వెలుగు దీంట్లోంచి మామూలుగానే పోతుంది. ఆ ‘డార్క్’ అంటే మన దగ్గర ‘ఎరుకలేదు’ అంటాం చూడండి, అదే. ‘చీకటిశక్తి’ అంటే మా ఊళ్లల్లో బాణామతి అనుకుంటారు, కాబట్టి నా ఓటు ‘అదృశ్యశక్తి’కి.

కానీ నన్ను ఇంకా ఎక్కువ సతాయిస్తున్న మాట వేరే ఉంది. నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. మొన్న డస్టర్ పైకి విసిరి పట్టుకున్నాను, చాక్‌పీస్ పొడి అంతా చొక్కా మీద పడింది. పైకి పోయేకొద్దీ మెల్లగవుతుంది కదా, విశ్వం విస్తరణ కూడా అట్లాగే నెమ్మదించాలి అనుకున్నారు, తీరా 1998లో రెండు బృందాలు దూరపు సూపర్‌నోవాలను (పేలిపోయే నక్షత్రాలను) చూస్తే అవి అనుకున్నదానికంటే మసకగా కనిపించాయి, అంటే విస్తరణ వేగం పెరుగుతోంది అని చెప్పి, ఆ ఊపులో ‘దూరంగా నెట్టేది కూడా గురుత్వాకర్షణే’ అనేశాను. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది: “సార్, ఆకర్షణ అంటే గుంజుడే కదా, మరి గుంజేది ఎట్ల నెడ్తది?”

తప్పు ఆ పిల్లది కాదు, మాటది. గురుత్వ + ఆకర్షణ, సవర్ణదీర్ఘ సంధి చేసి జవాబును పేరులోనే కట్టిపడేశాం. ఐన్‌స్టీన్ లెక్కలో ద్రవ్యరాశి ఒక్కటే కాదు, పీడనం కూడా గురుత్వాన్ని పుట్టిస్తుంది. డార్క్ ఎనర్జీకి ఉన్నట్టు ఆ పీడనం రుణాత్మకమై శక్తి సాంద్రతలో మూడో వంతును మించితే గుంజుడు పోయి నెట్టుడు వస్తుంది. ‘గురుత్వం’ అని వదిలేస్తే ఈ తంటా ఉండదు. ‘గురుత్వ తరంగాలు’ అని ఇప్పటికే రాస్తున్నాం కదా.

డార్క్ ఎనర్జీకి లెక్కల్లో వాడే ‘విశ్వ స్థిరాంకం’ (కాస్మలాజికల్ కాన్‌స్టంట్)తోనూ ఇదే చిక్కు. 1917లో ఐన్‌స్టీన్ దాన్ని తెచ్చినప్పుడు అది మారదనే లెక్క. 2025 మార్చిలో అమెరికాలోని ఆరిజోనా నుంచి టెలిస్కోపుతో ఆకాశాన్ని కొలిచే డెసీ (DESI) సర్వే, సుమారు 1.4 కోట్ల గెలాక్సీలు, క్వేసార్లను (చాలా దూరాన ఎంతో వెలుగుతో మెరిసే గెలాక్సీ కేంద్రాలను) కొలిచి, మిగతా పరిశీలనలతో కలిపి చూస్తే డార్క్ ఎనర్జీ కాలంతో పాటు బలహీనపడుతున్నట్టు సూచనలున్నాయంది. ఇంకా రుజువు కాలేదు. అయితే మాత్రం ‘స్థిర’ అనే మాటే అడ్డం తిరుగుతుంది.

ఇక డార్క్ ఎనర్జీ లాంటివాటికి బదులు ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతాన్నే మార్చి చూసే మాడిఫైడ్ గ్రావిటీని ‘సవరించిన గురుత్వాకర్షణ’ అంటున్నారు, అదేదో ప్రకృతినే రిపేరు చేసినట్టుంది. సవరించేది సిద్ధాంతాన్ని. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయిన సంఘటన నుంచి గురుత్వ తరంగాలు, గామా కిరణాలు సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో చేరాయి, ఆ రెంటి వేగం వేరు అన్న సవరణలు చాలావరకు ఆ ఒక్క రోజుతో పక్కకుపోయాయి. గురుత్వం మాత్రం ఎప్పట్లాగే ఉంది.

దీనికి ఒక తమ్ముడి ప్రశ్న, నా జవాబు:

— అన్నా, పరీక్షలో ‘గురుత్వం’ అని రాస్తే మార్కులు కోస్తారేమో?

— న్యూటన్ సూత్రం వరకు ‘గురుత్వాకర్షణ’ అనే రాయించు తమ్ముడూ, అక్కడ ఉన్నది గుంజుడే. విశ్వం విస్తరణ పాఠం వచ్చినప్పుడే ‘గురుత్వం’ అను. మాడిఫైడ్ గ్రావిటీకి నేను ‘సవరణ గురుత్వ సిద్ధాంతాలు’ అంటున్నాను, కొంచెం బరువుగా ఉంది, ఇంతకంటే తేలికైనది ఎవరికైనా తడితే చెప్పండి.