మిగిలిన బీ-24 లిబరేటర్ బాంబర్ల జాబితా: ఏ నంబరును ఆధారంగా తీసుకోవాలి?

ప్రశ్న

రెండవ ప్రపంచ యుద్ధ కాలపు బీ-24 లిబరేటర్ బాంబర్లలో నేటికీ మిగిలి ఉన్నవాటి జాబితాను తయారుచేస్తున్నాను. 18 వేలకు పైగా తయారైన ఈ విమానాలు పూర్తి రూపంలో ఈనాడు పట్టుమని ఇరవై కూడా లేవు. అయినా జాబితా కుదరడం లేదు. ఒకే విమానం రెండు మూడు పేర్లతో, వేర్వేరు నంబర్లతో కనిపిస్తోంది. పైగా అమెరికా, బ్రిటన్, కెనడా మ్యూజియాలలో ఉన్న వాటిలో కొన్ని భారతదేశం నుంచి వెళ్లినవేనని చదివాను. దీనికి కారణం ఏమిటి? నేలకూలిన చోటే పడి ఉన్న శిథిలాలను కూడా లెక్కలోకి తీసుకోవచ్చునా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

ముందుగా విమానం ముక్కు మీద రాసిన పేరును పక్కన పెట్టండి, ఎందుకంటే అది యజమాని ఇష్టాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో పాత విమానాలను భద్రపరిచే కాలింగ్స్ ఫౌండేషన్ వారి బీ-24 మొదట 'ఆల్ అమెరికన్', తరువాత 'ది డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్', ఆ తరువాత 'విచ్‌క్రాఫ్ట్' అయింది. మూడూ ఒక్క విమానమే. దాని అమెరికా సీరియల్ (సైన్యం ఒక్కో విమానానికి ఇచ్చే నంబరు) 44-44052, బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో కేహెచ్ 191, భారత వైమానిక దళంలో హెచ్‌ఈ 771. ఈ మూడింటినీ ఒకే వరుసలో రాసుకుంటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

తోక మీది అంకెలను చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అమెరికా సైన్యం సీరియల్‌లో సంవత్సరాన్ని సూచించే రెండంకెలలో మొదటిదాన్ని వదిలేసి తోకపై వేసేది. లిబియా ఎడారిలో దొరికిన 'లేడీ బీ గుడ్' అనే బీ-24 సీరియల్ 41-24301 కాగా, తోక మీద ఉన్నది 124301. అయితే మ్యూజియాలు వేరొక విమానం గుర్తుగా దాని రంగులు, అంకెలు వేయడం మామూలే కనుక తోకను చూసి నిర్ధారణకు రాకండి. ఆరిజోనాలోని పీమా మ్యూజియంలో 'బంగే బకరూ' పేరుతో ఉన్నది నిజానికి భారత వైమానిక దళం నుంచి 1969లో వచ్చిన విమానం. ఇంగ్లండులోని బంగే స్థావరంతో దానికి ఏ సంబంధమూ లేదు.

రెండవ సమాధానం

భారతదేశం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవలసినది. యుద్ధం ముగియగానే అమెరికాలో వేలాది బాంబర్లను ఆరిజోనాలోని కింగ్‌మన్, ఆర్కాన్సాలోని వాల్నట్ రిడ్జ్ వంటి చోట్లకు చేర్చి, ముక్కలు చేసి, అల్యూమినియం కోసం కరిగించారు. మరో రకం అమెరికా బాంబర్లైన బీ-17లకు మ్యాపుల తయారీ, అడవి మంటలను ఆర్పడం వంటి పనులు దొరికినందువల్ల అవి కొన్ని బతికాయి. బీ-24లకు ఆ అవకాశం చాలా తక్కువగా దక్కింది.

కాన్పూరులోని చకేరీ వైమానిక స్థావరంలో మాత్రం కథ వేరుగా నడిచింది. అమెరికా తన మిత్రదేశాలకు యుద్ధసామగ్రిని అరువుగా ఇచ్చిన లెండ్-లీజ్ ఒప్పందం కింద బ్రిటన్‌కు వచ్చిన విమానాలు యుద్ధానంతరం ఎవరికీ పనికిరాకుండా పోవాలి గనుక, రాయల్ ఎయిర్ ఫోర్స్ వెళ్తూ వెళ్తూ అక్కడి లిబరేటర్లను పాడుచేసి వదిలేసింది. స్వతంత్ర భారతదేశానికి భారీ బాంబర్లు అవసరమైనప్పుడు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఆ గుట్టల్లోంచి పనికివచ్చేవాటిని ఏరి, ఎగరగలిగేంత మేరకు అతుకులు వేసింది. ఆ సంస్థ టెస్ట్ పైలట్ జమ్‌షెడ్ కైకోబాద్ మున్షీ, పూర్తి మరమ్మతు కాని ఆ విమానాలను ఒక్కొక్కటిగా బెంగళూరుకు ఎగరేసుకు వెళ్లారు. ఎవరో పాడుచేసి పారేసిన నాలుగు ఇంజన్ల బాంబర్‌ను, లోపల ఏ తీగ తెగి ఉందో పూర్తిగా తేలకముందే అంత దూరం నడిపించడం ఎంతటి సాహసమో ఆలోచించండి. ఈ ఘట్టానికి మన పాఠకులలో రావలసినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

1948 నవంబరులో భారత వైమానిక దళపు 5వ స్క్వాడ్రన్ ఈ విమానాలతోనే మొదలైంది. సముద్రంపై గస్తీ తిరిగిన 6వ స్క్వాడ్రన్ 1968 దాకా వీటిని నడిపింది. అప్పటికి ప్రపంచంలో మరెక్కడా ఇన్ని లిబరేటర్లు ఎగిరే స్థితిలో లేవు కనుక మ్యూజియాల చూపు ఇటు మళ్లింది. కెనడాకు 1968లో ఒకటి చేరింది. బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉన్న కేఎన్ 751, మన లెక్కలో హెచ్‌ఈ 807, 1974లో స్వయంగా ఎగురుతూ అక్కడికి వెళ్లింది. ఢిల్లీ పాలం మ్యూజియంలోనూ ఒకటి ఉంది, దాన్ని మరవకండి.

మూడవ సమాధానం

శిథిలాల గురించి నా మాట: వాటిని వదలకండి, కానీ పూర్తి విమానాలతో కలపకండి. అలాస్కాలోని అట్కా దీవిలో 1942 డిసెంబరు 9న అత్యవసరంగా దిగిన బీ-24డీ, సీరియల్ 40-2367, ఇప్పటికీ దిగిన చోటే ఉంది. ముందుభాగం అద్దాలతో ఉండే తొలి రకాలు చాలా అరుదు కనుక, విరిగి ఉన్నా దాని విలువ ఎక్కువ. 'లేడీ బీ గుడ్' శకలాలనైతే 1994లో ఎడారి నుంచి లిబియాలోని టోబ్రూక్‌ నగరానికి తరలించారు కనుక, దాని ఎదురుగా ఎడారి అని రాస్తే తప్పవుతుంది.

అసలు ఇబ్బంది అతికించి నిలబెట్టినవాటితో వస్తుంది. ఆస్ట్రేలియాలోని వెరిబీలో పునరుద్ధరిస్తున్న ఏ72-176కు దేహం ఆస్ట్రేలియా వైమానిక దళానిది, రెక్కలు న్యూగినీలో కూలిన మరొక విమానానివి. ఇటువంటివాటికి దేహం నంబరునే అసలు గుర్తింపుగా రాసి, రెక్కల మూలాన్ని పక్కన నమోదు చేయడం మంచిది. బ్రిటన్‌లోని ఎల్వింగ్టన్‌లో ఉన్న హాలిఫాక్స్ అనే బ్రిటిష్ బాంబర్‌కు ఒకప్పుడు కోళ్ల గూడుగా వాడిన దేహభాగాన్ని, హేస్టింగ్స్ అనే మరో రకం విమానపు రెక్కలను కలిపారు. అటువంటివాటికీ ఈ పద్ధతే నప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడు సీరియళ్లకు మూడు గడులు, దేహానికి ఒకటి, రెక్కలకు ఒకటి, ప్రస్తుత స్థానానికి ఒకటి చొప్పున పట్టికను తిరిగి వేస్తున్నాను. ముక్కు మీది పేర్లన్నీ చివరి గడిలోకి వెళ్తాయి. ఇక ఒక సందేహం మిగిలింది. బెంగళూరులో మరమ్మతు చేసినప్పుడు ఒక విమానం భాగాలను మరొకదానికి అమర్చి ఉంటే, మన హెచ్‌ఈ నంబరు ఏ భాగానికి చెందినట్లు?

రెండవ సమాధానం రాసినవారు

హెచ్‌ఈ నంబరు వైమానిక దళం సేవలోకి తీసుకున్న పూర్తి విమానానిది, ఏ ఒక్క భాగానిదీ కాదు. ఫ్యాక్టరీ మూలం కావాలంటే కాక్‌పిట్‌లోని డేటా ప్లేట్‌ను (తయారీ వివరాలు ఉండే లోహపు పలకను) చూడాలి, అదీ ముందు దేహానికి మాత్రమే సాక్ష్యం. ఆ ప్లేట్‌లోని అంకె, భాగాల మీద అచ్చు గుద్దిన అంకెలు, రికార్డులలోని సీరియల్ ఒకదానితో ఒకటి సరిపోతేనే ఆ వరుసను ఖరారు చేయండి. సరిపోనప్పుడు రెంటినీ అలాగే ఉంచి, పక్కన తేడా రాయండి.