భార్యాభర్తలం టీముగా ట్రక్కు నడపాలనుకుంటున్నాం, నడిపినవాళ్ళు ఉంటే చెప్పండి

నీలవేణి_డల్లాస్:
అందరికీ నమస్కారం. మావారికి 50, నాకు 46. ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది. పన్నెండేళ్ళుగా గ్యాస్ స్టేషన్‌లోనే పని, ఆయన రాత్రి షిఫ్టు, నేను పగలు. ఒకే ఇంట్లో ఉంటూ ఆదివారం తప్ప కలిసి కూర్చుని అన్నం తిన్నది లేదు. ఈ ఆగస్టులో అమ్మాయి కాలేజీకి ఆస్టిన్ వెళ్ళిపోయింది, ఇల్లు బోసిపోయింది. అప్పుడు ఆయన ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న మాట బయటపెట్టారు, ఇద్దరం సీడీఎల్ (పెద్ద ట్రక్కులు నడిపే లైసెన్సు) తీసుకుని టీముగా ట్రక్కు ఎక్కుదామని. మా మామయ్యగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ డ్రైవరు, నాగపూర్, కలకత్తా ట్రిప్పులు వేసేవారు, ఈయనకి ఆ ఇష్టం అక్కడి నుంచే వచ్చింది. నేను కారు తప్ప ఏదీ నడపలేదు కానీ నేర్చుకోవడానికి భయం లేదు.

ఒక కంపెనీ ట్రైనింగ్ ఉచితం, ఏడాది పని చేస్తామని సంతకం పెట్టాలి, టీముకి మైలుకి 70 సెంట్లు అంటోంది. ఇంకొక రిక్రూటరు ట్రక్కు లీజుకి తీసుకోండి, కొన్నేళ్ళకి మీ సొంతమైపోతుంది అంటున్నాడు. ఆయనకి బీపీ ఉంది, మందు వేసుకుంటారు. ఇందులో మంచీ చెడూ మాకు తెలియడం లేదు. నిజంగా చేసినవాళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

పద్మ_ఐ80:
చెల్లీ, మేం నడపడం మొదలుపెట్టి ఐదేళ్ళు. డబ్బు సంగతి ఎవరైనా చెబుతారు, నేను నిద్ర సంగతి చెబుతాను. టీము అంటే ఒకరు నడుపుతుంటే ఒకరు వెనక పడుకోవడం. లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ 2,800 మైళ్ళు, ఆ లోడు రెండు మూడు రోజుల్లో చేరాలని ఇస్తారు, అంటే బండి ఆగదు. కదిలే బండిలో నీకు నిద్ర పడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష. మొదటి నెల నేను కళ్ళు మూసుకునేదాన్ని, అంతే. ఆయన బ్రేకు వేసిన ప్రతిసారీ గుండె ఝల్లుమనేది. ఆయన నడపడం తెలియక కాదు, నాకే ఇంకా నమ్మకం కుదరలేదు. వ్యోమింగ్‌లో ఐ-80 హైవే మీద గాలికి ట్రెయిలర్ ఊగుతుంటే బెర్త్ మీద ఎవరికైనా అలాగే ఉంటుంది. బెర్త్‌కి బెల్టో నెట్టో ఉంటుంది, బండి కదులుతున్నంతసేపూ అది పెట్టుకునే పడుకో, బద్ధకించకు.

మేం రెండు మాటలు అనుకున్నాం, ఇప్పటికీ తప్పలేదు. ఎవరికి కళ్ళు బరువెక్కినా లోడు ఆలస్యమైనా సరే బండి పక్కకి తీయాలి, రెండోవాళ్ళు ఒక్క మాట కూడా అనకూడదు. నడిపేవాళ్ళకి పక్క సీట్లోంచి సలహాలు చెప్పకూడదు. ఇంట్లో గొడవపడితే ఇంకో గదిలోకి వెళ్ళొచ్చు, ఇక్కడ మధ్యలో ఉండేది ఒక కర్టెన్. గొడవపడి పడుకున్న మనిషి సరిగా నిద్రపోరు, ఆ మనిషే నాలుగు గంటల తర్వాత స్టీరింగ్ పట్టుకోవాలి.

ఇంకో సంగతి. డ్రైవింగ్ స్కూలు అయ్యాక ట్రెయినర్‌తో కొన్ని వారాలు తిరగాలి, చాలాచోట్ల భార్యాభర్తల్ని వేరువేరు ట్రక్కులు ఎక్కిస్తారు. ఆడ ట్రెయినర్ ఉన్నారా, మిమ్మల్నిద్దర్నీ ఒకే ట్రక్కులో పెడతారా అని సంతకానికి ముందే అడిగి కాగితం మీద రాయించుకో. ఆ తర్వాత మీ ట్రక్కులో ఇద్దరూ కొత్తవాళ్ళే, చెప్పేవాళ్ళు ఉండరు. అందుకే వసంతకాలంలో మొదలుపెడితే మంచు వచ్చేసరికి కాస్త చెయ్యి తిరుగుతుంది. కొలరాడోలో ఐ-70 మీద సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా గొలుసులు బండిలో ఉండి తీరాలి, వాటిని టైర్లకి వేయడం ఎండలోనే ప్రాక్టీస్ చెయ్యండి.

లెక్కలబాబాయ్:
నీలవేణి గారూ, ఆ 70 సెంట్లు ఇద్దరికీ కలిపి, ఒక్కొక్కరికి 35. వారానికి 5,000 మైళ్ళు దొరికితే ఇద్దరికీ కలిపి 3,500 డాలర్లు, పన్నులకి ముందు. దొరికితే అన్నమాటే ముఖ్యం, మైళ్ళు లేని వారం జీతం కూడా ఉండదు. కనీస జీతం గ్యారంటీ ఉందా, లోడు కోసం వేచి ఉన్న గంటలకి ఏమిస్తారు అని అడగండి.

ఒకరు 10 గంటల విశ్రాంతి తర్వాత 14 గంటల్లోపు 11 గంటలు నడపొచ్చు, ఇద్దరైతే రోజుకి 22 గంటలు అని రిక్రూటర్లు ఊరిస్తారు. కానీ 8 రోజుల్లో 70 గంటల హద్దు ఇద్దరికీ ఉంది. రోజూ పూర్తిగా నడిపితే ఏడో రోజుకే అయిపోతుంది, గంటలు మళ్ళీ మొదటి నుంచి కావాలంటే 34 గంటలు ఆగాలి. ఇదంతా ఈఎల్‌డీలో, అంటే గంటలు దానంతటదే రాసుకునే బండిలోని యంత్రంలో, పడుతుంది. మీకు పనికొచ్చేది ఒకటుంది: బెర్త్‌లో వరుసగా 7 గంటలు పడుకుంటే, దానికి వెంటనే ముందో వెనకో పక్క సీట్లో కూర్చున్న 3 గంటలు కూడా విశ్రాంతి కిందే లెక్క. కలిసి తిన్నా మాట్లాడుకున్నా ఆ 3 గంటల్లోనే.

లీజు జోలికి మాత్రం పోవద్దండీ, చేతులు పట్టుకుని చెబుతున్నాను. ట్రక్కు వాయిదా, డీజిల్, రిపేరు అన్నీ మీ చెక్కులోంచే కోస్తారు, లోడు ఇచ్చేదీ వాళ్ళే. ప్రభుత్వం వేసిన టాస్క్‌ఫోర్సే 2025 జనవరిలో ఈ లీజు పద్ధతిని నిషేధించాలని సిఫారసు చేసింది. బత్తా గురించి కూడా అడగండి. డబ్ల్యూ-2 ఉద్యోగులకి, అంటే కంపెనీ జీతం మీద పనిచేసేవాళ్ళకి, భోజనం ఖర్చు పన్నులో తగ్గించుకునే వీలు లేదు, కంపెనీయే జీతంలో కొంత పర్ డైమ్‌గా (పన్ను పడని రోజు బత్తాగా) ఇస్తేనే లాభం.

బీపీ మందుతో 140/90 లోపు ఉంటే డ్రైవరుగా పనికొస్తారనే మెడికల్ కార్డు వస్తుంది, మామూలుగా రెండేళ్ళకి ఇచ్చేది ఇలాంటివాళ్ళకి ఎక్కువగా ఏడాదికే ఇస్తారు. ఇంగ్లీషు కూడా చూసుకోండి, 2025 జూన్ నుంచి రోడ్డు మీద అధికారి అడిగినదానికి జవాబు చెప్పలేకపోతే అక్కడే బండి ఆపేస్తున్నారు.

ఫ్రెస్నో_శీను:
మేం ఏడు నెలలకే ఆపేశాం, అది కూడా తెలియాలని రాస్తున్నా. మా ఆవిడ డ్రైవింగ్ నాకన్నా బాగుండేది, రివర్స్ నాకు తనే నేర్పింది. కానీ కదిలే బండిలో తనకి నిద్ర పట్టలేదు, ఎంత ప్రయత్నించినా పట్టలేదు. ఒకరాత్రి న్యూమెక్సికోలో తను నడుపుతుంటే బండి గీత దాటి పక్కనున్న రంబుల్ గీతల మీదికి ఎక్కింది, ఆ చప్పుడుకి వెనక నేను లేచాను. ఏమీ కాలేదు. ఆ ట్రిప్పు అయ్యాక మానేశాం. ఉచితం అన్న ట్రైనింగ్ డబ్బు ఏడాది నిండలేదని వెనక్కి కట్టించుకున్నారు, ఇద్దరిదీ. ఇప్పుడు నేను లోకల్, రాత్రికి ఇంటికొస్తా. తను స్కూలు బస్సు నడుపుతోంది, ఇష్టంగానే చేస్తోంది. సంతకం పెట్టే ముందు ఆ ఏడాది షరతు చదవండి, ఒకరు మానేస్తే రెండోవాళ్ళ సంగతేంటో అడగండి.

నీలవేణి_డల్లాస్:
ముగ్గురికీ చాలా థాంక్స్. రాత్రి ఆయనకి మొత్తం చదివి వినిపించాను. శీను గారు రాసింది విన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత లీజు వద్దు అన్నారు. వచ్చే నెల అమ్మాయిని చూడటానికి ఆస్టిన్ వెళ్ళాలి, మా వ్యానులో వెనక సీట్లు తీసి పరుపు వేసుకుని రాత్రి ప్రయాణం చేస్తాం. వెళ్ళేటప్పుడు ఆయన నడుపుతారు నేను పడుకుంటాను, వచ్చేటప్పుడు నేను. ఇద్దరిలో ఎవరికి నిద్ర పట్టకపోయినా ఈ ఆలోచన మానేస్తాం. పట్టితే మాత్రం ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో మా డబ్బుతోనే నేర్చుకుంటాం.

పద్మక్కా, బండిలో అన్నం ఎలా వండుకుంటారు?

పద్మ_ఐ80:
చెల్లీ, వ్యాను ట్రక్కులా ఊగదు, అయినా ఎంతో కొంత తెలుస్తుంది. పరుపు వేసినచోట బెల్టు ఉండదు కదా, ఆ పని చెయ్యకు. సీటు వెనక్కి వాల్చుకుని బెల్టు పెట్టుకునే పడుకో.

అన్నానికి చిన్న రైస్ కుక్కర్, ఇన్వర్టర్ మీద నడుస్తుంది, ఎన్ని వాట్ల దాకా ఒప్పుకుంటారో కంపెనీని అడుగు. బండి ఆగినప్పుడే వండు. కందిపొడి, ఆవకాయ, నెయ్యి సీసా తెచ్చుకో, పెరుగు చిన్న ఫ్రిజ్‌లో ఉంటుంది. డీజిల్ కొట్టించినప్పుడు ట్రక్కు స్టాపులో స్నానానికి వాడుకునే షవర్ పాయింట్లు వస్తాయి, ఒకే గదిలో ఇద్దరి స్నానాలూ అయిపోతాయి. ఆస్టిన్ వెళ్ళొచ్చాక ఇక్కడే రాయి, చూస్తుంటాను.